ఎన్1 తర్వాత ఏంటి? జపనీస్ బోధన, అనువర్తిత భాషాశాస్త్రంలో యూనివర్సిటీ కెరీర్‌కి దారి

"ఎన్2 పాసయ్యానండి. జపనీస్ లెక్చరర్ అవ్వాలంటే ఇంకేం చెయ్యాలి?" అని నన్ను అడిగేవాళ్లలో సగం మంది బీటెక్ చదివినవాళ్లే. ఎన్1 అంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో అన్నిటికంటే పై స్థాయి, ఎన్2 దాని కిందిది. నేను చెప్పే మొదటి మాట వాళ్లకు అంతగా రుచించదు. భాష రావడం ఒక పని, నేర్పడం ఇంకో పని, మనుషుల బుర్రలోకి అది ఎలా ఎక్కుతుందో పరిశోధించడం మూడో పని, అనువర్తిత భాషాశాస్త్రం అంటే ఇక్కడ ముఖ్యంగా అదే. యూనివర్సిటీ ఉద్యోగం మూడోదాన్ని చూసి ఇస్తారు. మొదటి రెండూ ఎలాగూ ఉంటాయనుకుంటారు.

జపాన్లో జపనీస్ చక్కగా మాట్లాడేవాళ్లు పన్నెండు కోట్ల మంది ఉన్నారు. ఆ విషయంలో వాళ్లతో పోటీ పడి గెలవలేం. వాళ్ల దగ్గర లేనిది, మన దగ్గర ఉన్నది తెలుగు. ఆ తెలుగును ఎక్కడ, ఎలా పెట్టుబడిగా వాడుకోవాలన్నదే ఈ మార్గదర్శిలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

ముందు ఏ ఉద్యోగం కావాలో తేల్చుకోండి

జపనీస్ టీచర్ అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు ఉద్యోగాలున్నాయి.

ఒకటి, మన ఊళ్లోనే ఇన్‌స్టిట్యూట్‌లోనో కంపెనీలోనో నేర్పడం. జపాన్ క్లయింట్లున్న ఐటీ సంస్థలు, జపాన్‌కు నర్సులను, కేర్‌గివర్లను పంపే శిక్షణ కేంద్రాలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. ఎన్2 ఉండి, క్లాసు నడిపే ఓపిక ఉంటే చాలు. పీహెచ్‌డీ అక్కర్లేదు.

రెండోది, జపాన్లోని లాంగ్వేజ్ స్కూళ్లలో నేర్పడం. దీనికి ఇప్పుడు ఒక జాతీయ అర్హత వచ్చింది. 2023లో చట్టం చేశారు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పేరు తోరొకు నిహొంగొ క్యోయిన్, అంటే నమోదిత జపనీస్ భాషా ఉపాధ్యాయులు. మొదటి పరీక్ష 2024 నవంబరులో జరిగింది. అందులో ప్రాథమిక పరీక్ష, అనువర్తన పరీక్ష అని రెండు భాగాలు. వాటితో పాటు క్లాసులో ప్రత్యక్ష శిక్షణ కూడా పూర్తి చెయ్యాలి. ప్రాథమిక పరీక్షలో ఐదు విభాగాలుంటాయి: సమాజం-సంస్కృతి-ప్రాంతం ఒకటి, భాష-సమాజం ఒకటి, భాష-మనసు ఒకటి, భాష-బోధన ఒకటి, చివరిది భాష. సిలబస్ మంచిది. యూనివర్సిటీ దారి ఎంచుకున్నవాళ్లు కూడా ఒకసారి తిరగేస్తే ఈ రంగం మొత్తానికి మ్యాపు దొరికినట్టే.

మూడోది యూనివర్సిటీ. మామూలుగా అక్కడ ఆ లైసెన్సు కంటే పీహెచ్‌డీ, ప్రచురించిన పేపర్లు, క్లాసు అనుభవం ఎక్కువ బరువు తూగుతాయి. డిగ్రీలో చేరిన రోజు నుంచి లెక్కేస్తే పది, పన్నెండేళ్ల పని. ఇంట్లోవాళ్లతో ఈ అంకె ముందే చెప్పెయ్యండి. తర్వాత సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి మెట్టు: పరీక్ష అడగని జపనీస్ నేర్చుకోండి

జేఎల్‌పీటీ 1984లో మొదలైంది. 2010లో నాలుగు స్థాయిలను ఐదు చేశారు, అప్పటి నుంచే ఎన్5 నుంచి ఎన్1 దాకా ఉన్నాయి. సాధారణంగా జులై, డిసెంబరు నెలల్లో మొదటి ఆదివారం పెడతారు. అందులో మాట్లాడే భాగం లేదు, రాసే భాగమూ లేదు. ఎన్1 సర్టిఫికెట్టు చేతిలో ఉండి కూడా ఒక పేజీ వ్యాసం రాయలేనివాళ్లు ఉండేది అందుకే. వాళ్లలో నేనూ ఒకణ్ని.

యూనివర్సిటీ పనికి కావలసింది వ్యాస భాష. వాక్యం చివర దెసు, మసు అంటూ మర్యాదగా మాట్లాడటం కాదు, దె అరు అని ముగించే రాతశైలి. ఎన్2 దాటగానే వారానికి ఒక పరిశోధన వ్యాసం చదవడం మొదలుపెట్టండి. జే-స్టేజ్ అనే జపాన్ ప్రభుత్వ వేదికలో వేలకొద్దీ వ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి వ్యాసానికి నాకు పదిహేను రోజులు పట్టింది. పదో వ్యాసానికి వచ్చేసరికి అవే ముప్పై, నలభై మాటలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయని అర్థమైంది. రోజువారీ వాడకానికి ప్రభుత్వం ఖరారు చేసిన కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, 2,136. వాటిని విడివిడిగా బట్టీ పట్టడం కంటే ఇలా వ్యాసాల్లో తగిలించుకోవడమే మేలు.

రెండో మెట్టు: పునాది ఎక్కడ వేసుకోవాలి

ఇంటర్ అయినవాళ్లకు తిన్నటి దారి జపనీస్‌లో బీఏ ఆనర్స్. ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ నుంచి పీహెచ్‌డీ దాకా ఉంది, బీఏ ప్రవేశం సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. శాంతినికేతన్‌లో విశ్వభారతికి చెందిన నిప్పాన్ భవన్ ఉంది. ఢిల్లీ యూనివర్సిటీలో తూర్పు ఆసియా అధ్యయనాల విభాగం ఉంది. పుణె సంగతి వేరే చెప్పాలి, ఆ ఊళ్లో జపనీస్ చదువు దాదాపు ఒక స్థానిక సంప్రదాయం. మన హైదరాబాద్ ఇఫ్లూలోనూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, జపనీస్ నేర్పుతారు. 1958లో ఇంగ్లిష్ టీచర్ల కోసం మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ కాబట్టి, అక్కడ భాషాబోధన మీద లైబ్రరీ బాగుంటుంది.

బీటెక్, బీకాం చేసినవాళ్లు ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఎన్1 తెచ్చుకుని నేరుగా జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తారు. ఆ స్కాలర్‌షిప్ నిబంధన ప్రకారం మీరు చేయబోయే పరిశోధన, మీరు డిగ్రీలో చదివిన రంగంలోదో, దానికి దగ్గరదో అయి ఉండాలి. మెకానికల్ నుంచి భాషాబోధనకు దూకుతానంటే ఫైలు అక్కడే ఆగుతుంది. మధ్యలో ఒక వంతెన కావాలి, అది భాషాశాస్త్రంలో ఎంఏ. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది. ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెంచి పెద్దచేసిన భాషాశాస్త్ర శాఖ ఉంది. రెండేళ్లు వృథా అనుకోకండి. జపనీస్‌లో బీఏ చేసినవాళ్లకు దొరకని ధ్వనిశాస్త్రం, వాక్యనిర్మాణం, గణాంకాలు మీకు అక్కడ దొరుకుతాయి.

జపనీస్ ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చదువుతున్నవాళ్లు జపాన్ ప్రభుత్వమే ఇచ్చే నిక్కెన్‌సెయ్ స్కాలర్‌షిప్‌ను వదులుకోవద్దు. డిగ్రీ మధ్యలో ఏడాది పాటు జపాన్ యూనివర్సిటీలో ఉండి రావచ్చు. మీ కాబోయే గైడు మొదటిసారి మీ ముఖం చూసేది అప్పుడే కావచ్చు.

మూడో మెట్టు: ప్రశ్న వెతుక్కోండి

మొత్తం దారిలో ఎక్కువ రోజులు ఆగాల్సిన చోటు ఇదే.

తెలుగు, జపనీస్ వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. "నిన్న కొన్న పుస్తకం" అన్నది "కినో కత్త హొన్" అవుతుంది. మాట వెంట మాట, అదే వరస. "తిని చూడు" అంటే "తబెతె మిరు". ఇక్కడ కూడా చూడటం కళ్లతో కాదు, ప్రయత్నించడమే. "తళతళమని మెరుస్తోంది" అనేదానికి "కిరకిర తొ హికరు". ధ్వన్యనుకరణ మాటను రెట్టించడం, దానికి "అని" లాంటి ముక్క తగిలించడం రెండు చోట్లా ఉన్నాయి. మనం ఇద్దరు, ముగ్గురు అని మనుషులకు వేరే లెక్క పెట్టినట్టే వాళ్లూ హితొరి (ఒకరు), ఫుతరి (ఇద్దరు) అంటారు. మన "అండీ" చేసే మర్యాద పని వాళ్ల దెసు, మసు చేస్తాయి.

ఉచ్చారణలోనూ మనకు కలిసొచ్చేవి ఉన్నాయి. ఒబసాన్ అంటే పిన్ని వరస, ఒబాసాన్ అంటే అమ్మమ్మ. ఇంగ్లిష్‌వాళ్లు తడబడే ఈ తేడా పడు, పాడు అని రోజూ అనే మనకు లెక్కలోది కాదు. కితె, కిత్తె తేడా కూడా మన కల, కల్ల లాంటిదే. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ౘ. చుక్క, చాప అన్నప్పుడు మన నోట్లో పలికే ఆ శబ్దం జపనీస్ "త్సు"కు అతి దగ్గర. అయినా మన పేపర్లు త్సునామీని సునామీ అనే రాశాయి. నోట్లో ఉన్న శబ్దాన్ని ఇంగ్లిష్ స్పెల్లింగ్ ద్వారా తెచ్చుకుని పోగొట్టుకున్నాం.

ఈ పోలికలు చూసి చాలామంది ఉత్సాహం పట్టలేక, "తెలుగు, జపనీస్ ఒకే తల్లి బిడ్డలు" అని పరిశోధన ప్రతిపాదన రాస్తారు. దయచేసి రాయకండి. ఓనో సుసుము అనే పెద్ద పండితుడు జపనీస్, తమిళ బంధుత్వం మీద ఏళ్ల తరబడి వాదించారు. భాషాశాస్త్రవేత్తల్లో అత్యధికులు ఒప్పుకోలేదు. నిర్మాణం పోలి ఉండటం వేరు, చుట్టరికం వేరు. ప్రతిపాదన మొదటి పేరాలో ఆ మాట కనబడితే రెండో పేరా ఎవరూ చదవరు.

అసలు ప్రశ్న పోలికలో దొరకదు, పోలిక ఉందనుకుని మనం జారిపడే చోట దొరుకుతుంది. "ఇచ్చు" అనే మాట తీసుకోండి. స్నేహితుడు నాకు ఇచ్చినా, నేను స్నేహితుడికి ఇచ్చినా మనకు ఒకటే క్రియ. జపనీస్‌లో నా వైపు వస్తే కురెరు, నా నుంచి పోతే అగెరు. మలయాళంలో ఇలాంటి తేడా ఉంది, తరుక, కొడుక్కుక అని. తెలుగులో లేదు. అందుకే మనవాళ్లు నాకు ఇచ్చాడు అనడానికి అగెరు వాడేస్తారు. ఇది మొదటి ఏడాది తప్పు, దిద్దితే పోతుంది. దిద్దినా పోనిది ఇంకొకటుంది. "సార్ నా వ్యాసం దిద్దారు" అని మనం మామూలుగా అంటాం. జపనీస్‌లో దిద్దారు అనే క్రియకు కురెరు తగిలించకపోతే వ్యాకరణం తప్పు కాదు గానీ, ఆ మేలు నాకు అందిందన్న స్పృహ లేనట్టు పొడిగా వినిపిస్తుంది. దీన్ని తప్పని ఎవరూ ఎర్ర ఇంకుతో కొట్టరు, అందుకే ఏళ్లు గడిచినా అలాగే ఉండిపోతుంది. నా క్లాసుల్లో ఎన్2 దాటినవాళ్ల దగ్గర కూడా ఇది చూశాను.

ఇప్పుడు దీన్ని పరిశోధన ప్రశ్నగా మార్చాలి. "తెలుగువారు జపనీస్ నేర్చుకోవడంలో ఎదుర్కొనే సమస్యలు" అన్నది ప్రశ్న కాదు, సంత. "మధ్యమ స్థాయి తెలుగు అభ్యాసకులు బొమ్మలు చూసి కథ చెప్పేటప్పుడు కురెరును ఏ సందర్భాల్లో వదిలేస్తారు, స్థాయి పెరిగితే అది తగ్గుతుందా" అన్నది ప్రశ్న. ఎవరి నుంచి, ఏం సేకరించి, దేనితో పోల్చాలో అందులోనే ఉంది.

పోల్చడానికి డేటా సిద్ధంగా ఉంది. టోక్యో దగ్గర తచికవాలో జాతీయ జపనీస్ భాషా సంస్థ ఉంది, 1948లో పెట్టారు, నింజల్ అంటారు. వాళ్ల ఐ-జాస్ అనే కార్పస్‌లో, అంటే భాషా నమూనాల భండారంలో, 12 మాతృభాషలకు చెందిన 1,000 మంది అభ్యాసకుల మాటలు, రాతలు ఉన్నాయి. చైనీస్, కొరియన్, టర్కిష్, వియత్నామీస్, హంగేరియన్ అన్నీ ఉన్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. ఈ ఖాళీని చూసి బాధపడకండి, మీ ఉద్యోగం అక్కడే ఉంది. కొరియన్, టర్కిష్ కూడా మనలాగే క్రియను చివర పెట్టే భాషలు. అదే తరహా బొమ్మల కథ పనులను తెలుగువాళ్ల చేత చేయించి పోలిస్తే, వాక్య వరస కలవడం వల్ల ఎంత లాభం, ఎంత కాదు అన్నది తేల్చవచ్చు.

ఒక హెచ్చరిక. నా మొదటి ఇంటర్వ్యూలో ఒక ప్రొఫెసర్ అడిగారు: "మీ విద్యార్థులకు ఇంగ్లిష్, హిందీ కూడా వచ్చు కదా. ఇది తెలుగు ప్రభావమేనని ఎలా చెప్తారు?" నా దగ్గర జవాబు లేదు, సీటూ రాలేదు. మనవాళ్లకు జపనీస్ రెండో భాష కాదు, మూడోదో నాలుగోదో. కాబట్టి ఎవరే మీడియంలో చదివారు, ఇంట్లో ఏం మాట్లాడతారు అన్నది డేటాతో పాటే సేకరించండి. స్థాయికి జేఎల్‌పీటీ సర్టిఫికెట్టు ఒక్కటే ఆధారం కాకూడదు. ఐ-జాస్‌లో జే-క్యాట్, స్పాట్ అనే జపనీస్ స్థాయి పరీక్షలతో కొలిచారు, మీరూ అలాంటిదే వాడండి. రాతపూర్వక సమ్మతి లేకుండా ఎవరి గొంతూ రికార్డు చెయ్యకండి.

నాలుగో మెట్టు: గైడు, స్కాలర్‌షిప్

జపాన్లో మీరు చేరేది డిపార్ట్‌మెంట్‌లో కంటే ముందు ఒక ప్రొఫెసర్ జెమిలో, అంటే వారం వారం కూర్చునే సెమినార్ బృందంలో. వసేదాలో జపనీస్ బోధనకే ప్రత్యేకంగా గ్రాడ్యుయేట్ స్కూల్ ఉంది. త్సుకుబా, హితొత్సుబషి, టోక్యో విదేశీ భాషా విశ్వవిద్యాలయం, ఒసాకా, నగొయా, హిరొషిమా, ఒచనోమిజు కూడా ఈ రంగంలో పేరున్నవే. పేరు చూసి కాదు, మీ ప్రశ్నకు దగ్గరి పేపర్లు ఎవరు రాశారో చూసి ఎంచుకోండి.

ఈమెయిల్ జపనీస్‌లోనే, ఒక పేజీ దాటకుండా రాయండి. ముందు చెప్పాపెట్టకుండా రాస్తున్నందుకు క్షమాపణ, మీరెవరు, వారి ఏ వ్యాసం మీకు ఏ ప్రశ్న తెచ్చిపెట్టింది, జత చేసిన పరిశోధన ప్రణాళిక. అంతే. ఒకే ఉత్తరాన్ని ఇరవై మందికి పంపితే వాళ్లకు తెలిసిపోతుంది, ఈ రంగంలో అందరూ అందరికీ పరిచయమే. రెండు వారాలు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచెయ్యడం తప్పు కాదు.

జపాన్ విద్యాశాఖ స్కాలర్‌షిప్‌ను మెక్స్ట్ అంటారు. ఎంబసీ దారిలో రిసెర్చ్ స్టూడెంట్‌గా వెళ్లాలంటే వయసు 35 లోపు ఉండాలి. వేసవిలో దరఖాస్తు, తర్వాత రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. మొదటి వడపోతలో నెగ్గాక యూనివర్సిటీ నుంచి నైదకు, అంటే తాత్కాలిక అంగీకార పత్రం, మీరే తెచ్చుకోవాలి. గైడుతో ఏ పరిచయమూ లేనివాళ్లు ఆ కొన్ని వారాల్లో పరుగులు పెడతారు. భత్యం నెలకు సుమారు 1,43,000 నుంచి 1,45,000 యెన్ల దాకా ఉంటుంది, ఫీజు ఉండదు. సొంత ఖర్చుతో వెళ్తే జాతీయ యూనివర్సిటీల ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్లు, ప్రవేశ రుసుము 2,82,000. విద్యార్థి వీసా మీద అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు.

వెళ్లగానే ముందు కెన్‌క్యూసెయ్‌గా ఉంటారు. అది డిగ్రీ కాదు, ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యే కాలం. ఆ పైన మాస్టర్స్ రెండేళ్లు. పీహెచ్‌డీ కాగితం మీద మూడేళ్లే అయినా, హ్యుమానిటీస్‌లో మూడేళ్లకు ముగించేవాళ్లు అరుదు.

ఇప్పటికే స్కూల్లో టీచరుగా ఐదేళ్లు పనిచేసినవాళ్లకు మెక్స్ట్‌లోనే ఉపాధ్యాయ శిక్షణ అనే మరో విభాగం ఉంది. దీని సంగతి మనవాళ్లకు పెద్దగా తెలియదు.

ఐదో మెట్టు: పీహెచ్‌డీ ఏళ్లలో రెండు పద్దులు

ఒక పద్దు పేపర్లది. థీసిస్ సమర్పించే ముందు సమీక్షిత పత్రికలో వ్యాసాలు అచ్చయి ఉండాలన్న నియమం చాలాచోట్ల ఉంది. 1962లో ఏర్పడ్డ జపనీస్ బోధన సంఘం వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి సదస్సులు పెడుతుంది, పత్రిక నడుపుతుంది. మొదటి పేపరు అక్కడికే పంపాలని పట్టుబట్టకండి. చిన్న అధ్యయన సమావేశంలో చదివి, తిట్లు తిని, దిద్దుకుని పంపండి.

రెండో పద్దు క్లాసు గంటలది. పాఠ ప్రణాళికలు, మీ క్లాసు వీడియోలు, విద్యార్థుల అభిప్రాయాలు దాచుకోండి. ఉద్యోగ ఇంటర్వ్యూలో మొగి జుగ్యో అనే నమూనా పాఠం చెప్పమంటారు. పదిహేను, ఇరవై నిమిషాల్లో ప్యానెల్ ఎదుట, వాళ్లనే విద్యార్థులుగా ఊహించుకుని నడపాలి. మనవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు, కారణం వ్యాకరణాన్ని వివరించడం మొదలుపెడతారు. వాళ్లు చూసేది మీరు ఎంత చెప్పారని కాదు, ఎదుటివాళ్ల చేత ఎంత మాట్లాడించారని.

ఆరో మెట్టు: ఉద్యోగం

జపాన్లో ప్రకటనలు చాలావరకు జెరెక్-ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్లో వస్తాయి. జీవిత వివరాలు, ప్రచురణల జాబితా, ముఖ్యమైన మూడు పేపర్లు, బోధన, పరిశోధన గురించి మీ ఆలోచన చెప్పే వ్యాసం సాధారణంగా అడుగుతారు. మొదట దొరికేది హిజోకిన్, అంటే పార్ట్‌టైమ్. కోమా లెక్కన జీతం, కోమా అంటే ఒక పీరియడు. వారంలో మూడు యూనివర్సిటీలు రైల్లో తిరిగే ఈ బతుకు అలసట పుట్టిస్తుంది, కానీ చాలామందికి తప్పని మెట్టు. తర్వాత కాలపరిమితి ఉన్న పోస్టు, ఆ పైన శాశ్వత పోస్టు.

ఇండియాలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీలో 55 శాతం, దానితో నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష కానీ నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ కానీ కావాలి. నెట్‌లో జపనీస్ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, మొత్తం మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. భాషాశాస్త్రంలో కూడా నెట్ రాసి పెట్టుకుంటే రెండు తలుపులు తెరుచుకుంటాయి. శాశ్వత పోస్టులో మొదటి మూల వేతనం 57,700 రూపాయలు. పోస్టులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మధ్యకాలంలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేయాల్సి వస్తే యూజీసీ 2019లో పెట్టిన పరిమితి పీరియడుకు 1,500, నెలకు 50,000. చేతికి వచ్చేది అంతకంటే తక్కువ కావచ్చు.

2017లో భారత్, జపాన్ల మధ్య కుదిరిన ఒప్పందంలో ఐదేళ్లలో వెయ్యి మంది జపనీస్ టీచర్లకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. దాని ఫలితంగా 2018 జులైలో ఢిల్లీలో జపనీస్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వచ్చింది. టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు కూడా కావాలి కాబట్టి, అనువర్తిత భాషాశాస్త్రం చదివినవాళ్లకు ఇది డిపార్ట్‌మెంట్ బయట ఉన్న అవకాశం.

జపాన్లో ఆఫర్ వస్తే సంతకం పెట్టే ముందు రెండు మాటల కోసం వెతకండి. నింకి అంటే పదవీకాలం, కోషిన్ అంటే పొడిగింపు. అక్కడి చట్టం ప్రకారం ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు దాటితే శాశ్వత ఒప్పందం అడిగే హక్కు వస్తుంది. పరిశోధకులు, యూనివర్సిటీ టీచర్ల విషయంలో చాలా సందర్భాల్లో అది పదేళ్లు. ఒప్పందం మూడేళ్లది, పొడిగింపు ఒక్కసారే, అదీ రెండేళ్లకే అని రాసి ఉంటే, ఐదో ఏడు వచ్చేదాకా ఆగకుండా మూడో ఏటి నుంచే మళ్లీ జెరెక్-ఇన్ తెరవండి.